ఎవరి ఫుటరు ఎంత ఎత్తు

శ్రీకాకుళంలో ఒక డీటీపీ షాపు, మిట్టమధ్యాహ్నం. కంప్యూటరు ముందు షాపు యజమాని గిరిబాబు. పక్క కుర్చీలో అతని వదిన, తెలుగు లెక్చరర్ కుసుమకుమారి. గోడవార బెంచీ మీద, వరినాట్ల పాటలు పాడే జగ్గమ్మ.

“అది కాదురా గిరీ, ఇటు చూడు. ఈ పేజీలో మురళీమోహన్ గారి పేరు ఎక్కడుంది?”

“అడుగున ఉంది వదినా.”

“ముందుకి తిప్పు. జగన్నాధం గారి పేరు?”

“అదీ అడుగునే...”

“అడుగునా? బొటనవేలంత ఎత్తు మీదుందిరా. ఇంకా తిప్పు. చినబాబు గారి పేరయితే పాటని తోసుకుంటూ పైకొచ్చింది. ఒకటి కింద, ఒకటి మీద, ఒకటి ఇంకా మీద. పేజీలు గబగబా తిప్పితే పేర్లు గెంతుతున్నాయి.”

“మానిటర్ వదినా. పాతదయిపోనాది. కుసింత వంకరగా సూపిస్తాది.”

“మరి నా చేతిలో ఈ కాగితమేటి? నువ్వు ప్రింటు తీసిచ్చింది కాదా?”

“అదా... ప్రింటరు కాగితం లాగినప్పుడు ఎగదంతాది. రోలర్ అరిగిపోనాది.”

“నీ రోలరుకి చినబాబు గారంటే అంత గౌరవమేటి? ఆయన పేరున్న ప్రతి పేజీలోనూ అంతే ఎత్తుకి ఎగదన్నింది?”

“అమ్మా, ఓ మాటమ్మా...”

“ఒక్క నిమిషం జగ్గమ్మా.”

“బయట ఆటో...”

“ఆటో ఎక్కడికీ పోదు. ఉండమని నేనే చెప్పాను కదా. నువ్వు ఫ్యాను కిందకి జరుగు. గిరీ, నాకు అబద్ధాలొద్దు. ఎల్లుండి సభ. ఈ సాయంత్రానికి ఫైలు ప్రెస్సుకి వెళ్ళకపోతే ‘జగ్గమ్మ ఊడుపు పాటలు’ పుస్తకం లేకుండానే ఆవిష్కరించాలి. ఖాళీ పళ్ళెం మీద రిబ్బను కట్టి విప్పుకోవాలి మేము. ఇంతకీ ఏమైందో చెప్పు.”

“వైరస్ అయ్యుంటాది వదినా.”

“వైరస్ ఒట్టి దాతల పేర్లనే పట్టుకుందా?”

“నేకపోతే తెలుగు ఫాంటు. మన తెలుగుకి గుడులు, కొమ్ములు, ఒత్తులు ఉంటాయి కదా. ఇంగ్లీషోడి సాఫ్ట్‌వేరుకి అవి పట్టవు. జగన్నాధంలో ‘న్నా’ ఒత్తు దిగింది సూడు, అది తన్నీసి పేరు పైకెళ్ళిపోనాది.”

“జగన్నాధంలో ఒత్తు ఉంటే మురళీమోహన్‌లో గుడి ఉంది. గుడి కూడా తన్నాలి కదా. లే, ఆ మౌసు ఇలా ఇయ్యి.”

“వదినా, నువ్వు ముట్టుకుంటే సెట్టింగులు పోతాయి.”

“పోనీ. కాలేజీలో మార్కుల పట్టీలన్నీ నాచేత కొట్టిస్తున్నారు, ఈపాటి నాకూ తెలుసు. పేజీ అడుగున రెండుసార్లు నొక్కాలి... ఆ, తెరుచుకుంది. ఆ తిరగేసిన ‘పి’ బొత్తం ఏది? దాచిన గుర్తులన్నీ చూపిస్తుంది చూడు, అది.”

“అదిప్పుడు పని సెయ్యట్లేదు.”

“పని చేస్తుందిరా, ఇదిగో చేసింది. ఇదేటి? జగన్నాధం గారి పేరు కింద ఇన్ని గుర్తులేటి? ఎంటరు, ఎంటరు, ఎంటరు. పేరు కింద ఖాళీ లైన్లు పేర్చి, పేరుని ఎత్తావు. అరుగు కట్టి ఎక్కించినట్టు.”

“నానా? నానేటికి ఎక్కిస్తాను?”

“చినబాబు గారి కింద ఇంకా ఎక్కువున్నాయి. ఇది వైరస్ పనా? గిరీ, నా మొహం చూసి చెప్పు.”

“వదినా, మాట బయటికి రాకూడదు అన్నారు.”

“ఎవరన్నారు?”

“ముగ్గురూ అన్నారు. ఒకరికి తెలీకుండా ఒకరు.”

“అమ్మా...”

“ఇదిగో జగ్గమ్మా, మజ్జిగ. నేనే ఇంట్లోంచి సీసాలో పట్టుకొచ్చాను. తాగు. గిరీ, మొదట్నించీ చెప్పు.”

“మొదట్నించీ అంటే... మొన్న జగన్నాధం గారొచ్చారు. రిటైరయిన విద్యాశాఖ ఆఫీసరు కదా, కళ్ళజోడు ముక్కు సివరికి దించి ప్రూఫు సూసారు. ‘ఏవయ్యా, ఇది ఏటంటారు?’ అన్నారు. ఫుటరండీ అన్నాను. ‘ఫుట్ అంటే ఏటి?’ అన్నారు. పాదమండీ అన్నాను. ‘అచ్చు వేయించేది నాను. నా పేరు తీసుకెళ్ళి పాదాల కాడ ఎడతావా?’ అన్నారు.”

“మరి హెడరులో పెట్టమన్నారా?”

“హెడరులో పాట పేరు ఉన్నాది కదా. దాన్ని తీసీమన్నారు. పాట పేరు నేకపోతే వదిన నన్ను సంపీస్తాదండీ అన్నాను. అయితే కనీసం కాళ్ళ కాణ్ణుంచి మోకాలి దాకా ఎత్తమన్నారు.”

“మోకాలి దాకా.”

“ఆ మాటే అన్నారు వదినా. తర్వాత మురళీమోహన్ గారు రైసుమిల్లు నుంచి ఫోను సేసారు. జగన్నాధం గారి పేరు ఎంత ఎత్తులో ఉన్నాదని అడిగారు. ఎవరు సెప్పారో ఏటో. ఈయన పేరూ ఎత్తుదామంటే ఆయన పేజీల్లో పాటలు పొడుగు, జాగా నేదు. అందుకే ఆయన పేరుని లావు అక్షరాల్లోకి మార్చీసాను. ఎత్తు నేకపోయినా లావు ఉన్నాదని సంతోషపడ్డారు.”

“చినబాబు గారో?”

“ఆయన సొయంగా వచ్చారు. నరసన్నపేట నుంచి, కారులో, మనుషుల్ని ఏసుకుని. ఆయన సదవనేదు, స్కేలు అడిగారు. కాగితం మీద స్కేలు ఎట్టి కొలిసి, ‘ఆ ఇద్దరి కంటే మీదుండాల’ అన్నారు. సభకి భోజనాలు ఆయనవే కదా అని...”

“భోజనాలు పెట్టినాయన కాబట్టి పాట నెత్తి మీద కూర్చోబెట్టావు.”

“వదినా, నువ్వు సూడు. కాగితం మురళీమోహన్ గారిది, అచ్చు జగన్నాధం గారిది, తిండి చినబాబు గారిది. ఒకరు అలిగితే పుస్తకం నేదు, ఒకరు అలిగితే సభ నేదు. నాను మజ్జిలో నలిగిపోతన్నాను.”

“ముగ్గురికీ తలో భాగం పంచి, వాళ్ళ పేజీల అడుగున ముగ్గురి పేర్లూ సమానంగా వేస్తానని నేను మాటిచ్చానురా.”

“సమానమంటేనే వదినా గొడవ. తక్కువ అన్నా ఊరుకుంటారేమో గానీ సమానం అంటే ఊరుకోరు.”

“ఏటమ్మా, ఆ ఫుటరంటే?”

“పేజీ అడుగున రాసేది జగ్గమ్మా. డబ్బిచ్చినవాళ్ళ పేర్లు.”

“అడుగున రాసేదానికి ఇంత కొట్లాటేటమ్మా?”

“అడుగు, నీ నోటితో నువ్వే ఈణ్ణి అడుగు.”

“నాను అడిగీది అది కాదమ్మా. ఇంకో గళాసు మజ్జిగ ఇప్పించు.”

“ఇదింకా తాగలేదుగా?”

“నాకు కాదమ్మా. బయట ఎండలో...”

“డ్రైవరుకా? నీ మనసు మంచిది. ఇదిగో, పట్టుకెళ్ళి ఇచ్చి రా. మెట్టు చూసి దిగు. గిరీ, నీ ఫోను మోగుతోంది.”

“మోగనీ.”

“ఎవరు?”

“ఎవరూ కాదు.”

“ఎవరూ కానివాడి పేరు చినబాబు గారని పడిందేటి? ఎత్తు.”

“హలో... ఆ, సెప్పండి సెప్పండి... అబ్బే, దించనేదండీ. అక్కడే ఉన్నాది. మీరు కొలిసిన కాణ్ణే... మా వదినా? రానేదండీ. ఇక్కడెవరూ నేరు... ఏటండీ? పేరు ముందు ‘మాజీ సర్పంచ్’లో ‘మాజీ’ సిన్నక్షరాల్లోనా? ఎంత సిన్నగా?... కనపడకుండానా? అలాగేనండీ... ఆ, ఆ, ఉంటానండీ.”

“మాజీ కనపడకుండా వేస్తావా?”

“అడిగారు. వేస్తానని నానన్నానా?”

“‘అలాగేనండీ’ అన్నావు.”

“అది నాకు ఊతపదం వదినా.”

“ఇంక చాలు. అందరి పేర్లూ దించెయ్. కిందకి, ఒకే వరసలోకి. లావు అక్షరాలు తీసెయ్. ఎవరైనా అడిగితే కుసుమకుమారి చేయించిందని చెప్పు. అలిగితే అలగనీ. పాట కంటే పేరు మీదుండడమేటి? ఒళ్ళు మండిపోతోంది నాకు. ఆవిడ పాడుతుంటే నేను రికార్డు చేసుకుని, ఒక్కో మాటా నాలుగైదుసార్లు విని రాసుకున్నాను. సెలవులన్నీ దీనికే పోయాయి. ఇంట్లో మీ అన్న పచ్చడన్నం తిన్నాడు. ఇదంతా వీళ్ళ పేర్లు గెంతడానికా?”

“అందరివీ దించీమంటావా?”

“అందరివీ.”

“ఒట్టు?”

“ఒట్టేటిరా? మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా.”

“అయితే మొదటి పేజీ నుంచే దించుతాను. ఇదిగో ముందుమాట. ఇక్కడ అడుగున ఏటి రాసున్నాదో సదువు.”

“‘సేకరణ, సంపాదకత్వం: కుసుమకుమారి, ఎం.ఏ., ఎం.ఫిల్.’ నా పేరే. అయితే?”

“స్కేలు ఇమ్మంటావా?”

“ఎందుకూ?”

“చినబాబు గారి పేరు కన్నా ఎత్తులో ఉన్నాది వదినా. పుస్తకం మొత్తం మీద అందరికన్నా ఎత్తు నీదే.”

“అది... పేజీ నంబరు వచ్చి నా పేరుని తొక్కేస్తోందని, కొంచెం జరపమన్నాను. అంతే.”

“మొట్టమొదట జరపమన్నది నువ్వే. ఈ ఎంటరు కొట్టి ఎత్తడమనే ఇద్దె నాకు అలవాటయింది అక్కడే. తర్వాత జగన్నాధం గారు అదే పేజీ సూసి, ‘ఆవిడది ఎత్తినప్పుడు నాది ఎత్తవా?’ అన్నారు. నీ మొహం సూసి సెప్పమన్నావు కదా. సెప్పీసాను.”

“ఏదీ, ఆ స్కేలు ఇలా ఇయ్యి.”

“కోపం వచ్చిందా వదినా?”

“లేదు. సిగ్గొచ్చింది. నాదీ దించు. ఎం.ఏ., ఎం.ఫిల్. తీసెయ్.”

“ఎం.ఫిల్. ఒక్కటీ ఉంచనా?”

“... తీసెయ్యమన్నానా లేదా?”

“తీసీసాను, తీసీసాను. ఇప్పుడు అన్నీ ఒక వరసకి రావాలంటే ఒకటే మందు వదినా. ‘లింక్ టు ప్రీవియస్’ అని ఉంటాది. నొక్కితే ఎనక సెక్షన్ని సూసి ముందు సెక్షను సర్దుకుంటాది. ఇదిగో నొక్కుతన్నాను... సూడు, ఎలా వచ్చాయో! తాడు కట్టి నాటినట్టు ఒకే వరస!”

“అమ్మయ్య. ఏదీ, మురళీమోహన్ గారి పేజీ చూపించు.”

“ఇదిగో.”

“ఇక్కడ నా పేరుందేటిరా?”

“అరె. ఉండు, జగన్నాధం గారిది సూద్దాం.”

“ఇక్కడా నా పేరే. చినబాబు గారి పేజీల్లోనూ నేనే. గిరీ, ఏం చేశావురా? పుస్తకమంతా నా పేరు వేసేశావు!”

“ఎనకదాన్ని సూసి సర్దుకోమంటే, ఎనకున్న పేరుతో సహా తెచ్చీసుకున్నాయి. కొద్దిగా ఎక్కువ సర్దుకున్నాయి.”

“వెనక్కి తీయ్.”

“తీస్తాను గానీ వదినా, నిజం సెప్పు. సూడ్డానికి బాగానే ఉన్నాది కదా?”

“ఆ... అక్షరం కుదురుగానే పడింది... ఛీ, వెనక్కి తీయమన్నానా!”

“తీసీసాను. కంట్రోల్ జెడ్. ఇప్పుడు ఎవరి పేజీలో ఆలది ఎంటర్లు తీసుకుంటూ ఎలతాను. బేగి అయిపోతాది.”

“వచ్చావా జగ్గమ్మా? తాగాడా డ్రైవరు?”

“డ్రైవరు కాదమ్మా, ఆడు కొట్టుకాడికి టీకి పోనాడు...”

“మజ్జిగిస్తే టీకి పోవడమేటి? సర్లే, కూర్చో. అయిపోవచ్చింది. గిరీ, ఇప్పుడు నీట్‌గా ఉన్నాయి. మొదటి పేజీ, చివరి పేజీ, ఎక్కడ చూసినా ఒకే గీత మీద ఉన్నాయి. మరి ఇదేటి?”

“ఏది?”

“పాటకీ పేరుకీ మధ్య ఈ ఖాళీ. ప్రతి పేజీలోనూ పాట అయిపోయాక ఒక లైను జాగా మిగిలిపోయింది.”

“అందం వదినా. గాలి ఆడతాది.”

“గాలి ఆడడానికి ఇది కిటికీయా? పేర్లు దించేశాం కదా, పాట కిందకి రావాలి. ఎందుకు రాలేదు?”

“పాట అంతే ఉన్నాది మరి.”

“అంతే ఉందా? ఏదీ, చినబాబు గారి మొదటి పేజీ తీయ్. నేను చదువుతాను. జగ్గమ్మా, నువ్వూ విను. నీ పాటే.

‘నల్లమబ్బు దిగినాది నాగావళి మీద
నారుకట్ట నా సేత, నవ్వు నీ సేత
ఒంగి ఒంగి నడుము ఒరిగిపోనాది
ఒడ్డు మీద ఆసామికి గొడుగు నిలిసినాది.’”

“ఆ?”

“ఏటి జగ్గమ్మా?”

“ఆపీసినావేటమ్మా? ఆకరి మాట అను.”

“ఇంక లేదు ఇక్కడ.”

“నేకపోడమేటి? ఆ మాట నేకుండా పాట దిగదమ్మా. ఆ మాట అన్నాకే మడిలోంచి నడుం ఎత్తుతాం. అది అననోళ్ళు అలాగ ఒంగే ఉండిపోవాల.”

“గిరీ.”

“వదినా.”

“చివరి లైనేదిరా?”

“నీకు సెప్దామనే అనుకున్నాను...”

“ఏది?”

“పేర్లు పైకెత్తీసరికి పాటకి జాగా తగ్గిపోయి, ఒక్కో లైను పక్క పేజీలోకి జారిపోనాది. పేజీకి ఒక పాట అన్నావు కదా. సూస్తే, అన్ని పాటలకీ ఆకర్న అదే లైను ఉన్నాది. వచ్చినదే వస్తన్నాది. టైపులో రెండోసారి పడిపోయి ఉంటాదని, ఎవరు సదువుతారులే అని... తీసీసాను.”

“అన్నిట్లోనూ?”

“ఒక దాంట్లో ఉంచి ఒక దాంట్లో తీస్తే సమానంగా ఉండదని, అన్నిట్లోనూ.”

“సమానం! దాతల దగ్గర దొరకని సమానం పాట తోక కొయ్యడానికి దొరికిందా నీకు? ఏటిరా నువ్వు? అది పాటకి ప్రాణంరా! నా ముందుమాట చదివావా అసలు?”

“టైపు సేసినాను కదా వదినా. టైపు సేసినప్పుడు సదవను.”

“రెండు పేజీలు దాని గురించే రాశానురా. ‘లచ్చనమ్మ సేతి నాటు లచ్చ గింజలై పండు.’ ఎంత గొప్ప మాట! లచ్చనమ్మ అంటే ఎవరు? లచ్చిమి. ధాన్యలక్ష్మి. ఈ నాటు వేస్తున్నది మేము కాదు, మా చేతుల్లోంచి ఆ తల్లే వేస్తోంది అని శ్రమని దేవత చేతిలో పెట్టేస్తున్నారు. మడిలో వంగిన ఆడవాళ్ళకి ఎంత భక్తి! యూనివర్సిటీ సదస్సులో చదివితే అందరూ చప్పట్లు కొట్టారు.”

“అంత ఉన్నాదా వదినా దాన్లో? తప్పయిపోనాది. ఇప్పుడే అన్నిటికీ అంటించీస్తాను. జాగా కూడా సరిపోతాది. ఇదిగో, ఒక దాంట్లో టైపు సేసి కాపీ, పేస్టు... లచ్చనమ్మ సేతి...”

“అమ్మా, నాను ఓ మాట సెప్పీదా?”

“చెప్పు జగ్గమ్మా. పాపం, ఇందాకట్నుంచీ ఏదో అంటున్నావు. ఆటో గురించేనా?”

“అది లచ్చిమి దేముడు కాదమ్మా.”

“ఏటి?”

“నువ్వు సెప్పిన దేముడు కాదు. లచ్చనమ్మ. మీ సదువులో లక్ష్మణమ్మ అంటారు కావాల. మా లచ్చనమ్మ.”

“మీ లచ్చనమ్మ ఎవరు?”

“నా తోటికోడలమ్మ. మా నాటు జట్టుకి పెద్ద. ఆవిడ ముందు మాట అనీది, మేం ఎనకాల అందుకునీవోళ్ళం. ఒంగున్నంతసేపూ నోటికి వచ్చింది కట్టీది. ఆసామి గొడుగు మీద కట్టినాది, నడుం నొప్పి మీద కట్టినాది, ఎండ మీద కట్టినాది. ఆకర్న తన పేరు ఏసుకునీది. నాను కట్టినాననీ మీరు మరిసిపోకండే అని.”

“అంటే... ఈ పాటలు...”

“అన్నీ ఆవిడ కట్టినాయే.”

“నువ్వు పాడావు కదా జగ్గమ్మా!”

“పాడమన్నావు, పాడినాను. ఆవిడికి గొంతు పోనాదమ్మా, గాలి తప్ప మాట రాదు. నాకింకా గొంతున్నాది. నువ్వు ఫోను ముందర ఎట్టి ‘పాడు జగ్గమ్మా, పాడు జగ్గమ్మా’ అన్నావు. ఎవరు కట్టినారని అడగనేదు.”

“నువ్వు చెప్పొచ్చు కదా!”

“పాట పాటకీ సెప్పినాను కదమ్మా. ఆకర్న పేరు ఉన్నాది కదా. మళ్ళీ వేరే సెప్పడమేటి అనుకున్నాను. నువ్వు సదువుకున్నదానివి.”

“వదినా...”

“నువ్వు మాట్లాడకు గిరీ.”

“అది కాదు వదినా. అట్ట అచ్చయిపోనాది. ‘జగ్గమ్మ ఊడుపు పాటలు’ అని. దాని మీద జగ్గమ్మ ఫోటో. లోపల ముందుమాటలో ధాన్యలక్ష్మి. అడుగున చినబాబు గారు. మరి ఈ లచ్చనమ్మ గారి పేరు ఎక్కడ ఎట్టాల?”

“ఉన్న ఒక్క చోటూ నువ్వు కోసేశావు కదరా!”

“నాను కోసింది లైను. నువ్వు మనిషిని దేముణ్ణి సేసి పంపీసినావు.”

“మనిషిని దేవుణ్ణి చేసి పంపేశాను... నిజమేరా.”

“మాట వరసకి అన్నాను వదినా. ఏడవకు. పోనీ సిన్న పని సేద్దాం. ఆవిడ పేరుతో ఇంకో ఫుటరు ఏస్తాను, ముగ్గురి కన్నా మీద. చినబాబు గారికి నాను సెప్పుకుంటాను.”

“మళ్ళీ ఫుటరంటావేటి! ముందుమాట తీసెయ్. రెండు పేజీలూ తీసెయ్. నా పేరూ తీసెయ్. అట్ట మళ్ళీ వేయిద్దాం. సభ వాయిదా వేసుకుంటాం, అంతకంటే ఏటవుతుంది? జగ్గమ్మా, నీకేటీ అభ్యంతరం లేదు కదా, అట్ట మీద నీ పేరు తీసేస్తే?”

“నా పేరేటికమ్మా. నాను మోసుకొచ్చినాను, అంతే. ఉంటే ఉంచు, తీస్తే తీయి. ఆవిడ పేరు మాత్రం పోకూడదు.”

“ముందు ఆవిడని కలవాలి. చేతులు పట్టుకుని అడగాలి నేను. ఎక్కడుంటుంది? మీ ఊర్లోనేనా? ఇప్పుడే బయల్దేరదాం. అసలు... ఉందా జగ్గమ్మా? బతికే ఉందా?”

“అదే కదమ్మా ఇందాకట్నుంచీ సెప్పబోతన్నాను. నువ్వు ఇచ్చిన మజ్జిగ తాగి బయట ఆటోలో కూకున్నాది. పుస్తకంలో తన పేరు ఉన్నాదో నేదో సూసి రమ్మని సైగ సేసినాది, ఉంటే దిగుతాది, నేకపోతే ఆటో తిప్పీమన్నాది. ఏటి సెప్పీమంటావమ్మా?”